పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు ఉగాండాలో కాపురం: మొదటి మూడు నెలల సంగతులు

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

మొన్న మన ఫోరంలో పట్టుచీరల చర్చలో గుణుపురం అబ్బాయి మధ్యలో దూరి ఒక మాట అడిగాడు. "మాస్టారూ, మీరూ టీచరమ్మ గారూ ఆఫ్రికా వెళ్ళి ఊరికే పనిచేసి వచ్చారట కదా. మేమిద్దరం కూడా వెళ్దామనుకుంటున్నాం. మొదట్లో ఎలా ఉంటుంది?" అని. పట్టుచీరలో ఉగాండా పోగు కలిస్తే నేత చెడుతుందని ఇక్కడ వేరుగా మొదలుపెట్టాను.

నేను ఒడిశాలో గజపతి జిల్లాలో తాగునీటి పనుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా బోరింగులతోనే. గుమ్మ, సెరంగో, మోహన వైపు సవర ఊళ్ళలో నేను ఎక్కి దిగని కొండ లేదు. మా ఇంటావిడ తెలుగు మీడియం బడిలో ఒకటో తరగతి పంతులమ్మ. అమ్మాయి పెళ్ళయిపోయింది. ఇంట్లో ఇద్దరం, టీవీ ఒకటి. 2018 జనవరిలో వాలంటీర్లుగా ఉగాండాకు బయల్దేరాం.

అడిస్ అబాబాలో విమానం మారి ఎంటెబ్బేలో దిగాం. అక్కడ్నుంచి కంపాలా, జింజా, మ్బాలే మీదుగా సొరోటి. ఒక రోజు ప్రయాణం. జింజా దగ్గర విక్టోరియా సరస్సులోంచి నైలు నది బయల్దేరే చోటు ఉంది. 1948లో గాంధీగారి అస్థికల్లో కొన్ని అక్కడ కలిపారు. ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. ఆనకట్ట మీదుగా నది దాటి, ఆ విగ్రహానికి దండం పెట్టుకున్నాం. మా ఊరు సొరోటికి ముప్పై కిలోమీటర్ల లోపు. టెసో ప్రాంతం అంటారు. వాళ్ళ భాష అటెసో.

మొదటి రోజే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకంటే బడి పక్కన ఉన్న బోరింగు మన బోరింగే! ఇండియా మార్క్-2. వాళ్ళు దాన్ని యూ-2 అంటారు. అదే తల, అదే గొలుసు, అదే పిడి. ముప్పై ఏళ్ళు నా చేతుల్లో పడ్డ పంపు అంత దూరంలో కనబడితే ఎలా ఉంటుందో చెప్పలేను. వాటర్ బోర్డు వాళ్ళు నన్ను వెనక్కి పిలిచినట్టే అనిపించింది.

ఆ తర్వాత అంతా బాగానే జరిగింది. మనుషులు చాలా మంచివాళ్ళు. నెమ్మదిగా అలవాటైపోయింది. ఏమడగాలన్నా అడగండి.

*

ధర్మాబాద్ మిర్చి

సార్, అసలు ప్రశ్న. ఖర్చు ఎవరిది? మా దగ్గర ఒక కుర్రాడు "వాలంటీరింగ్" అని రెండు వారాలు వెళ్ళి లక్షన్నర కట్టి వచ్చాడు. గోడకు రంగు వేసి ఫోటో దిగాడు. ఆ డబ్బుతో ఇక్కడ వంద గోడలకు రంగు వేయొచ్చు.

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

మంచి ప్రశ్న. మన దగ్గర డబ్బు కట్టించుకుని తీసుకెళ్ళేవాళ్ళు వేరు, పని తెలిసినవాళ్ళను ఎంచుకుని పంపేవాళ్ళు వేరు. రెండో రకంలో విమానం టికెట్టు, ఇన్సూరెన్సు, ఉండటానికి ఇల్లు, నెలకు తిండికి సరిపడే భత్యం వాళ్ళే ఇస్తారు. జీతం ఉండదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే. ఎవరైనా ముందు మీ దగ్గర డబ్బు అడిగితే, మీ చేతిపని ఏమిటని అడక్కపోతే, అది ప్యాకేజీ టూరు అనుకోండి.

*

బరంపురం పట్టు

మాస్టారు గారూ, మా తాత గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్ళాడు. మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని ఓడెక్కడం, అది తీరేదాకా బియ్యం మిల్లులో కూలి. తిరిగి వచ్చేటప్పటికి రెండు ట్రంకు పెట్టెలు, నాలుగు బర్మా మాటలు. మీరేమో పింఛను చేతిలో పెట్టుకుని ఊరికే పనిచేయడానికి వెళ్ళారు. కాలం ఎంత మారిందో. మా ఇంట్లో ఆ ట్రంకు పెట్టె ఇప్పటికీ ఉంది, అందులో పాత చీరలు పెడతాం.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇవాళ రాయక తప్పలేదు. "ఆ తర్వాత అంతా బాగానే జరిగింది" అని మా ఆయన రాసిన వాక్యం చూసి కాఫీ పొలమారింది.

గుణుపురం నాయనా, ఈయన చెప్పింది మొదటి రోజు, ఆఖరి రోజు. మధ్యలోది నేను చెప్తాను.

దిగిన రాత్రి ఇంటికి చేరేటప్పటికి ఆరున్నర. ఏడుంబావుకల్లా చీకటి. భూమధ్యరేఖ దగ్గర కదా, సంజె అనేది ఉండదు. దీపం ఊదినట్టు పొద్దు పోతుంది. కరెంటు లేదు. సోలార్ దీపం ఒకటి ఇచ్చారు, దాన్ని ఎండలో పెట్టాలని ఎవరూ చెప్పలేదు. ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు ఉంటుందని కాగితంలో రాశారు. వెళ్ళి చూస్తే ట్యాంకు ఉంది, కుళాయి లేదు. ఆ కాగితం రాసిన సంస్థ పేరు చెప్పను, వాళ్ళూ తర్వాత సిగ్గుపడ్డారు.

పొద్దున్నే లేచి బయటికి వస్తే ఒక పెద్దావిడ చేయి చాచి "యోగా" అంది. నేను ఈయన వైపు చూశాను. "మనవాళ్ళంటే యోగా నేర్పిస్తారని అనుకుంటున్నారేమో" అన్నారు ఈయన. ఇంకో ఇద్దరు వచ్చారు, "యోగా నోయ్". పిల్లలు, "యోగా". నాకు సూర్యనమస్కారాలు కూడా సరిగ్గా రావు. బడికి వెళ్ళాక తెలిసింది, వాళ్ళ భాషలో "యోగా" అంటే నమస్కారం. "నోయ్" అంటే చాలా. అప్పటికి మేము పదిహేనుమందికి "నో నో, నాట్ యోగా టీచర్" అని చెప్పేశాం. అంటే పదిహేనుమంది నమస్కారం చేస్తే వద్దన్నాం!

*

ధర్మాబాద్ మిర్చి

అమ్మా, నవ్వి నవ్వి పొట్ట నొప్పి. మాస్టారు ఇది ఎందుకు రాయలేదు?

*

సిరొంచ గోదావరి

నవ్వులు సరే. నాకు ఒక సంగతి అర్థం కాదు. మా గడ్చిరోలి జిల్లాలో దూరంగా పోతే వానాకాలంలో వాగు దాటలేక గర్భిణులను మంచం మీద మోసుకొస్తున్నారు. మల్కన్‌గిరి కూడా అంతే. ఇక్కడ ఇంత పని పెట్టుకుని అక్కడికి ఎందుకు పోవాలె? మా జిల్లాలోనే హేమల్‌కసలో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దంపతులు 1973 నుంచి ఉన్నారు. ఇద్దరూ డాక్టర్లే. అప్పట్లో రోడ్డు లేదు, కరెంటు లేదు. అక్కడి గిరిజనుల మాడియా భాష నేర్చుకున్నారు. వాళ్ళు విమానం ఎక్కలేదు. మాస్టారు గారిని తప్పు పట్టడం కాదు, అడుగుతున్నా.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

సిరొంచ అన్నయ్యా, మీరన్నది ఒప్పే. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఈయన ముప్పై ఏళ్ళు మన కొండల్లోనే తిరిగారు, అది లెక్కలోకి వస్తే రావచ్చు. నేనైతే ఊరు దాటి చూడాలనే ఆశతో కూడా వెళ్ళాను. అబద్ధం ఎందుకు. పర్లాకిమిడి, బరంపురం, పూరీ, ఒకసారి తిరుపతి. అంతే నా ప్రపంచం.

ఇంకోటి. ఇక్కడ సవర ఊరికి వెళ్తే ఈయన "ఆఫీసరు". కుర్చీ వేస్తారు, మాట్లాడరు. అక్కడ రెండో వారంలోనే ఈయన్ను ఒక మెకానిక్కు ఊరందరి ముందూ తిట్టాడు. అది ఈయనే చెప్పాలి, నేను చెప్పను.

*

జయపురం కాంపౌండర్

అమ్మా, తిట్ల కథకు ముందు ఒక మాట, గుణుపురం అబ్బాయి కోసం. ఉగాండా వెళ్ళాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్టు చెల్లుతుంది, కాబట్టి ఆఖరి వారంలో పరుగెత్తకండి. 2016 నుంచి ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ పసుపు పుస్తకం లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. అరవై దాటినవాళ్ళకు ఈ టీకాతో ఇబ్బందులు కొంచెం ఎక్కువ, డాక్టరుతో మాట్లాడే వేయించుకోవాలి. గుడ్డు పడనివాళ్ళు ముందే చెప్పాలి.

మాస్టారు గారూ, మలేరియా మాత్రల సంగతేమిటి? మీకు వచ్చిందా?

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

వచ్చింది. సెరంగో, గుమ్మ కొండల్లో తిరిగినవాడిని, ఇక నాకేం మలేరియా అని మాత్రలు మానేశాను. మూడో వారంలో పడ్డాను.

*

జయపురం కాంపౌండర్

ఇదే మనవాళ్ళందరూ చేసే పొరపాటు. మన ఏజెన్సీలో జ్వరం పడి పడి వచ్చే తట్టుకునే శక్తి పూర్తిది కాదు. కొన్నాళ్ళు దూరమైతే అదీ తగ్గిపోతుంది. పైగా అక్కడి దోమ మన దోమ కాదు. ఆఫ్రికాలో గాంబియే అనే రకం దోమ మనిషిని వెతుక్కుంటూ రాత్రి ఇంట్లోకి వస్తుంది. పరాన్నజీవి మన కోరాపుట్‌లో ఉండే ఫాల్సిపరమే, కానీ కాటు లెక్క వేరు. మన దగ్గర 2017లో దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం మొదలైన ఏడాది ఒడిశా మొత్తం మీద 3.4 లక్షలకు పైగా కేసులు. 2018కి 66 వేలకు దిగాయి. ఇంటింటికీ పరీక్షలు, మందు పెట్టిన దోమతెరలు. అంత తగ్గాక మన ఒంట్లో ఇంకా ఏం శక్తి మిగులుతుంది?

వారానికొకటి వేసుకునే మాత్ర ఒకటి ఉంది, దానికి కొందరికి పీడకలలు వస్తాయి. రోజూ వేసుకునేది ఇంకోటి, దానికి ఎండ పడదు. ఏది ఎవరికి అన్నది డాక్టరు చెప్పాలి. నేను కాంపౌండర్నే.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

పీడకలల మాత్ర నాకిచ్చారు. కలలో మా హెడ్మాస్టరు గారు వచ్చి హాజరు పట్టీ అడిగేవారు. ప్రతి వారం అదే కల.

మలేరియా మందు అనగానే మా ఊళ్ళో అందరికీ గిడుగు రామమూర్తి పంతులు గారే గుర్తొస్తారు. సవర భాష నేర్చుకుందామని మన్యంలో తిరిగి, మలేరియా పడి, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోయాక కూడా సవరభాషకు నిఘంటువు పూర్తి చేశారు. ఆయన నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, సవర మాట్లాడేవాళ్ళను ఇంట్లో పెట్టుకుని వాళ్ళ దగ్గర శిష్యరికం చేయడం. నేను అక్కడ చేసింది కూడా అలాంటిదే, కాకపోతే నా గురువులకు ఆరేళ్ళు.

ఉగాండాలో 1997 నుంచి ప్రైమరీ చదువు ఉచితం. దాంతో బళ్ళు నిండిపోయాయి. నా ఒకటో తరగతిలో నూటపది మంది. గదిలో సగం, మామిడిచెట్టు కింద సగం. ఆ ప్రాంతంలో మొదటి మూడు తరగతులు వాళ్ళ భాషలోనే చెప్పాలి, నాలుగు నుంచి ఇంగ్లీషు. మాతృభాషలో బడి అంటే నాకు ఎంత సంతోషమో! ఇక్కడ మన తెలుగు మీడియం బళ్ళు ఒక్కొక్కటీ మూతపడటం చూస్తూ రిటైరయ్యాను. కానీ సంతోషం పది నిమిషాలే. వాళ్ళ మాతృభాషలో చెప్పాలంటే, వాళ్ళ మాతృభాష నాకు రావాలి కదా.

నెల రోజులు నేను పాఠం చెప్పలేదు. వెనక కూర్చున్నాను. అక్కడి టీచరమ్మ చెప్పేది పిల్లలతో పాటు పలికాను. నీళ్ళను అకిపి అంటారు. నేను ఏదో తేడాగా అంటే ముందు వరస అంతా నవ్వి, మళ్ళీ అనిపించేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు పిల్లల చేత అఆలు పలికించినదాన్ని, నా చేత పలికిస్తున్నారు. లెక్కలకు మాత్రం పనికొచ్చాను. ఇక్కడ చింతపిక్కలతో చెప్పేదాన్ని, అక్కడ సోడా సీసా మూతలు పోగుచేసి పదేసి దండలు గుచ్చాం.

*

గుణుపురం కుర్రోడు

మేడమ్ గారూ, మాస్టారు గారూ, చాలా థాంక్స్. నా భార్య స్టాఫ్ నర్సు, నేను అగ్రికల్చర్ డిప్లొమా. మాకు టెన్షన్ తిండి గురించి. ఆమె శాకాహారి. అక్కడ ఏం తింటారు? ఇంకోటి, ఆ మెకానిక్ తిట్టిన కథ చెప్పకుండా వదలకండి.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

తిండికి భయపడకు. మనవాళ్ళకంటే ఆ ప్రాంతం ఎవరికీ నప్పదు. వాళ్ళు ప్రధానంగా తినేది చోళ్ళు, అంటే రాగులు! పిండి మరగబెట్టి గట్టిగా ముద్ద చేస్తారు, అటాప్ అంటారు. కర్రపెండలం పిండీ జొన్నపిండీ కలుపుతారు. మన చోడి సంకటికి పెద్దక్క. అలసంద ఆకు, గోంగూరలాంటి ఆకులు వేరుశనగపప్పు ముద్దలో ఉడికిస్తారు. చిలగడదుంపను ముక్కలు కోసి ఎండబెట్టి దాచుకుంటారు, వానలు రాకముందు కరువు నెలల్లో అదే ఆధారం. చోళ్ళు మన దేశానికి ఆ తూర్పు ఆఫ్రికా కొండప్రాంతాల నుంచే వేల ఏళ్ళ క్రితం వచ్చాయట. అంటే మన అంబలి పుట్టింటికి వెళ్ళి అంబలి తాగానన్నమాట.

ఇంకా ఉంది. నేను ఇక్కడ్నుంచి రెండు కిలోల చింతపండు మోసుకెళ్ళాను, బ్యాగులో కారి నా తెల్ల చీర నాశనమైంది. తీరా వెళ్తే బడి వెనకాలే చింతచెట్టు. చింత అసలు పుట్టింది ఆఫ్రికాలోనే. వాళ్ళు చోళ్ళ ముద్దలో కూడా ఆ పులుపు వేస్తారు. ఆ చెట్టు చూసిన రోజే నాకు అక్కడ ఉండగలననిపించింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఆ రాత్రి చారు కాచాను. పక్కింటి పెద్దావిడకు గ్లాసుడు ఇస్తే, తాగి, ఇది జ్వరానికి మందా అని అడిగింది.

*

బరంపురం పట్టు

చారు జ్వరానికి మందే కదండీ. ఆవిడ సరిగ్గానే అడిగింది.

*

ధర్మాబాద్ మిర్చి

మిర్చి సంగతి చెప్పలేదు. మా ఊరి కారం తీసుకెళ్ళాలా వద్దా?

*

టీచరమ్మ_పర్లాకిమిడి

తీసుకెళ్ళాలి నాయనా. వాళ్ళు కారం పెద్దగా తినరు. బజార్లో చపాతీలో గుడ్డట్టు చుట్టి ఇస్తారు, దాన్ని రోలెక్స్ అంటారు. గుడ్డు వేయకుండా ఇమ్మంటే చుట్టేవాడు నన్ను జాలిగా చూశాడు. ఆ చపాతీ మనవాళ్ళతో పాటు అక్కడికి చేరిందే. సొరోటి వీధిలో పాత కొట్ల మీద గుజరాతీ పేర్లు ఇప్పటికీ కనబడతాయి. 1972లో అక్కడి నియంత ఇదీ అమీన్ మనవాళ్ళను తొంభై రోజుల్లో వెళ్ళిపొమ్మంటే తాళాలు వేసి పోయినవాళ్ళ కొట్లు. ఒక ముసలాయన నన్ను ఆపి, మీ వాళ్ళు మళ్ళీ వచ్చారా అన్నాడు. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు అడిగాడు. ఏం చెప్పాలో తెలియక యోగా అన్నాను.

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

సరే, ఇక నా వంతు. తప్పించుకోలేను.

ఊళ్ళో రెండో బోరింగు నీళ్ళు తాగడానికి ఎవరూ వాడటం లేదు. ఎర్రనీళ్ళు. టీ పెడితే నల్లగా సిరాలా అవుతుంది, తెల్లబట్టలు తుప్పురంగు. ఆడవాళ్ళు ఒకటిన్నర కిలోమీటరు నడిచి చిత్తడి అంచున ఊట నుంచి ఇరవై లీటర్ల పసుపు డబ్బాల్లో తెచ్చుకుంటున్నారు. భూమిలోనే ఇనుము ఉందని అందరూ అనుకుంటున్నారు. నేను తెల్లవారుజామున వెళ్ళి కొట్టి చూశాను. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. అరగంట ఆపకుండా కొడితే తేరాయి. అంటే భూమిది కాదు తప్పు, పైపుది. అక్కడి నీళ్ళకు పులుపు, అంటే ఆమ్లగుణం ఎక్కువ, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును లోపల్నుంచి తినేస్తుంది. రాత్రంతా నిలవున్న నీరు తుప్పు పట్టుకుని పొద్దున్నే వస్తుంది. పైపులు మార్చి స్టీలువో ప్లాస్టిక్‌వో వేస్తే సరిపోతుంది.

ఇంత తెలిసినవాడిని, ఆగలేకపోయాను. ఎన్ని పైపులు తుప్పుపట్టాయో ముందు చూద్దామని, ఇద్దరు కుర్రాళ్ళను పట్టుకుని ఒక మధ్యాహ్నం తల విప్పేశాను. అక్కడ ప్రతి బోరింగుకూ ఊరి కమిటీ ఉంటుంది, నెలనెలా డబ్బు వసూలు చేస్తారు, తాళం వాళ్ళ దగ్గరుంటుంది. మండలంలాంటి దానికి శిక్షణ పొందిన మెకానిక్కులు ఉంటారు. ఎవరినీ అడగలేదు. పైపులు ఎత్తే ముక్కాలి స్టాండు లేకుండా, సరైన క్లాంపు లేకుండా దిగాను. నాలుగో పైపు దగ్గర తుప్పుపట్టిన జాయింటు విరిగింది. కింద ఉన్న పైపులు, రాడ్లు, సిలిండరు అన్నీ కలిసి బోరులోకి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

సాయంత్రానికి మెకానిక్కు సైకిలు మీద వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. బోరులోకి టార్చి వేసి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో, ఊరంతా వినేలా, "ఈ పంపు మీ దేశంలో తయారైంది సరే, ఈ బోరు మాది" అన్నాడు. ఇంకా అన్నాడు, అవి అటెసోలో. అర్థం కాకపోయినా అర్థమైంది.

ఆ ఎర్రనీళ్ళైనా బట్టలకు, పశువులకు వాడుకునేవాళ్ళట. అదీ లేకుండా చేశాను. తొమ్మిది రోజులు.

*

సిరొంచ గోదావరి

మాస్టారూ, ఇది చెప్పడానికి ధైర్యం కావాలె. నేను పెట్టిన మాట కొంచెం గట్టిగా అయింది, ఏమనుకోకండి. పైపులు బయటికి వచ్చాయా మరి?

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

వచ్చాయి. అతనే తీశాడు. లారీ స్ప్రింగు ముక్కను కమ్మరి దగ్గర కాల్పించి కొక్కెం చేయించాడు. తాడు కట్టి వదిలి, చెవి పెట్టి వింటూ, రెండు రోజులు చేపలు పట్టినట్టు పట్టాడు. నేను తాడు పట్టుకున్నాను. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి పనితనం చూడలేదు. మన దగ్గరైతే బోరు చెడిందని రాసి కొత్త బోరుకు ఎస్టిమేటు వేసేవాళ్ళం. నేనూ వేశాను చాలా.

సిరొంచ అన్నకు ఒక సంగతి. ఈ మార్క్-2 పుట్టుక మీ మహారాష్ట్ర వైపుదే. కరువు రోజుల్లో జాల్నాలో, తర్వాత షోలాపూర్‌లో తయారైన పంపులను చూసుకునే డెబ్బైల్లో యూనిసెఫ్ సాయంతో దీన్ని రూపొందించారు. ఇది అతనికి చెప్తే, "అయితే మీరు కూడా ఎవరి దగ్గరో నేర్చుకున్నారన్నమాట" అన్నాడు. ఆ మాటతో స్నేహం కుదిరింది. మన పాత లెక్కలో ఒక బోరింగుకు 250 మంది, వాళ్ళ లెక్కలో 300. ఆ వూళ్ళో ఒకదానికి ఏడెనిమిది వందలు ఉండేవాళ్ళు. అతని పరిధిలో ముప్పైకి పైగా పంపులు, ఒక సైకిలు.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

ఆ తొమ్మిది రోజుల సంగతి కూడా చెప్పాలి. ఊరికి నీళ్ళు లేకుండా చేసి వచ్చి, ఈయన ఇంట్లో "కమిటీ వాళ్ళకు టెక్నికల్ విషయాలు తెలియవు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను ఆ రోజు ఆడవాళ్ళతో పాటు చిత్తడి దాకా నడిచి డబ్బా మోసుకొచ్చాను. సగం డబ్బాయే, అదీ మూడుసార్లు దించి. నా వెనకాల ఎనిమిదేళ్ళ పిల్ల నిండు డబ్బా నెత్తిన పెట్టుకుని పాట పాడుతూ వస్తోంది. అన్నీ అనేశాను. ఆయనా అన్నారు. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి.

ఇక్కడ పోట్లాడుకుంటే నేను పక్కింటికి పోతాను, అమ్మాయికి ఫోన్ చేస్తాను. అక్కడ నాకు తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరే, ఆయనతోనే మాటల్లేవు. ఫోన్‌కు సిగ్నల్ గుట్ట ఎక్కితేనే. రెండు రోజులు నా చెవిన తెలుగు పడలేదు. మూడో రోజు కందిరీగ కుట్టి "అబ్బా" అంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. వెళ్ళిపోదామని పెట్టె సర్దాను. ఎవరికీ చెప్పలేదు, ఈయనకు ఇప్పుడే తెలుస్తుంది.

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

పెట్టె సర్దిన సంగతి నాకు తెలుసు. ఇంగువ వాసన పెట్టె దగ్గర్నుంచి వచ్చింది. వంటింట్లో డబ్బా లేదు.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

మరి అప్పుడే ఎందుకు అడగలేదు?

*

జయపురం కాంపౌండర్

అమ్మా, మాస్టారూ, మీ ఇంటి పోట్లాట మేము బఠాణీలు తింటూ చదువుతున్నాం. కానివ్వండి.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

నాలుగో రోజు రాత్రి ఈయనకు చలిజ్వరం. మంచం ఊగిపోయింది. పొద్దున్నే మెకానిక్కే సైకిలు వెనక ఎక్కించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాడు, నేను బోడా-బోడా మీద వెనకాల. వేలికి సూది గుచ్చి పావుగంటలో చెప్పారు, ఫాల్సిపరం అని. మూడు రోజులు, పూటకు నాలుగేసి మాత్రలు, రెండు పూటలా. పాలతోనో కొవ్వున్న తిండితోనో వేసుకోమన్నారు, లేకపోతే ఒంటికి పట్టదట. మాటల్లేకపోయినా మాత్రలు ఇవ్వాలి కదా. "వేసుకున్నారా" అన్నాను. "వేసుకున్నా" అన్నారు. అలా మొదలైంది మళ్ళీ తెలుగు.

బోడా-బోడా అంటే మోటారుసైకిలు టాక్సీ. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? కెన్యా సరిహద్దులో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడవాల్సిన దూరం సైకిళ్ళ మీద దింపుతూ "బోర్డర్, బోర్డర్" అని అరిచేవాళ్ళట. అదే బోడా-బోడా అయింది. ఇది విన్నప్పుడు ఆంధ్రా–ఒడిశా సరిహద్దు దాటే మన పాతపట్నం–పర్లాకిమిడి ఆటోలు గుర్తొచ్చాయి. వాళ్ళకూ ఈ పేరు పెట్టొచ్చు.

*

గుణుపురం కుర్రోడు

మేడమ్ గారూ, ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె అడిగింది ఒక్కటే, "వాళ్ళు మళ్ళీ వెళ్తారా?" అని.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

రెండేళ్ళు ఉన్నాం కదమ్మా, అదే జవాబు.

మీ ఆవిడకు మూడు సంగతులు విడిగా చెప్పు. ఒకటి, ఆరేసిన బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, వేసుకుంటే చర్మంలోకి పురుగు దూరుతుంది. లోబట్టలతో సహా అన్నీ ఇస్త్రీ చేసే వేసుకోవాలి. బొగ్గుల ఇస్త్రీ పెట్టే దొరుకుతుంది, మా అమ్మ వాడినలాంటిది. రెండు, "రెండు గంటలకు రండి" అని ఎవరైనా వాళ్ళ భాషలో అంటే ఎనిమిది గంటలని అర్థం. పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క. నేను మొదటి మీటింగుకు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను, ఊళ్ళో ఎవరూ లేరు. తర్వాత ఆలోచిస్తే మా తాతగారి ఘడియల లెక్క కూడా సూర్యోదయం నుంచే కదా. మూడు, మొదటి నెల ఏ పనీ ఒప్పుకోవద్దని మీ ఆయనకు చెప్పమ్మా. నర్సుకు ఆగడం తెలుసు. పొలం పని తెలిసినవాడు విత్తనం చేతిలో ఉంటే ఆగడు.

*

గుణుపురం కుర్రోడు

సరే మేడమ్. కోపం రాలేదు గానీ, ఎలా తెలిసింది? నేను ఇప్పటికే చోడి విత్తనాలు మూడు రకాలు పొట్లాలు కట్టి పెట్టాను.

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

అవి ఇంట్లోనే పెట్టు బాబూ. విత్తనాలు విమానంలో అలా పట్టుకెళ్ళనివ్వరు, అనుమతులు కావాలి. పైగా సెరెరెలో వాళ్ళకు చోళ్ళ పరిశోధన కేంద్రమే ఉంది. సొరోటి నుంచి ఎంతో దూరం కాదు. వెళ్ళి చూడు, నోట్సు రాసుకో, మనకు తీసుకురా.

*

ధర్మాబాద్ మిర్చి

ఆ రెండో బోరింగు సంగతి ఎవరూ అడగడం లేదు. నీళ్ళు తెల్లగా వచ్చాయా లేదా?

*

బోరింగు మాస్టారు, పర్లాకిమిడి

అప్పుడే కాదు. కొక్కెంతో తీశాక పాత పైపుల్లో పనికొచ్చేవి ఏరి మళ్ళీ అవే వేశాం. మళ్ళీ ఎర్రనీళ్ళే. కొత్త పైపులకు కమిటీ డబ్బు పోగుచేయాలి, వేరుశనగ పంట వచ్చేదాకా ఎవరి దగ్గరా లేదు. నా జేబులోంచి ఇస్తానన్నాను. కమిటీ పెద్దావిడ ఒప్పుకోలేదు. "నువ్వు వెళ్ళాక మళ్ళీ తుప్పుపడితే నీకు ఫోన్ చేయాలా" అంది. జనవరిలో దిగినవాడిని, ఆగస్టులో పైపులు మారాయి. మెకానిక్కు బిగించాడు, నేను తాడు పట్టుకున్నాను.

*

టీచరమ్మ_పర్లాకిమిడి

తాడు కూడా సగం సేపే. ఫోటో తీయడానికి వదిలేశారు.